వానలో బండి మొరాయిస్తోందా..? ట్యాంకులో నీళ్లు చేరితే జరిగేది ఇదే!

కోటగిరి, బోధన్ అంటే ఒకప్పుడు చెరకు బండ్లే గుర్తొచ్చేవి. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అయితే చెరకు నుంచి వచ్చే మొలాసిస్‌తో తయారయ్యే ఇథనాల్ ఇప్పుడు పెట్రోల్‌లో కలుస్తోంది. ఈ20 పెట్రోల్‌లో దాని వాటా 20 శాతం. మరి ట్యాంకులో నీళ్లు పడితే సమస్య ఏంటి?

అణువుల మధ్య పట్టు
అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ పట్టు ఎంత గట్టిదైతే మరిగించడం అంత కష్టం. ప్రొపేన్, ఇథనాల్ అణువుల బరువు దాదాపు ఒక్కటే. కానీ ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరిగి గ్యాస్ అవుతుంది. ఇథనాల్ మరగాలంటే 78 డిగ్రీలు కావాలి. కారణం.. హైడ్రోజన్ బంధం!

చక్కెర అణువులో ఇలాంటి బంధాలు కలిపే ఓహెచ్ గుంపులు 8 ఉన్నాయి. అందుకే అది గట్టి పలుకు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, పెట్రోల్‌లో మాత్రం కరగదు.

ట్యాంకులో ఏం జరుగుతుంది?
ఇథనాల్‌కు ఒక కొస నీళ్లతో, మరో కొస పెట్రోల్‌తో కలుస్తుంది. అందుకే కొద్దిపాటి తేమను ఈ20 తనలో కలిపేసుకుంటుంది. నీళ్లు మోతాదు దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోల్‌ను వదిలి నీళ్లతో చేరిపోతుంది. బరువైన ఆ మిశ్రమం అడుగుకు దిగుతుంది. ఇంజిన్‌కు ఇంధనం వెళ్లేది అడుగు నుంచే కాబట్టి బండి ఆగిపోతుంది.

ఏం చేయాలి?
పదేపదే కిక్ కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. పైన కొత్త పెట్రోల్ పోసినా లాభం లేదు. మెకానిక్‌తో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించాలి. మూత రబ్బరు పాడైతే వానలు ముదరకముందే మార్పించుకోవడం మంచిది.