కర్నూలు నుండి కడపకు ఎంత దూరము?

మా పుట్టినిల్లు కడప, మెట్టినిల్లు కర్నూలు. సంక్రాంతి వెళ్లిన వారమున మా తల్లిగారు పెరటిలో కాలుజారి పడిరని టెలిఫోనులో వార్త వచ్చెను. మేము బట్టలు సర్దుకొనుచుండగా మా కుమారుడు, "అమ్మా! రెండూళ్లకును విమానాశ్రయములున్నవి గదా! విమానముండిన అరగంట ప్రయాణమే" యనెను. పుష్పకమును గూర్చి చదివినవారమే గాని విమానమెక్కి యెరుగని మాకు ఆ మాట ఆశ గొలిపినది.

వాని లెక్కలో తప్పు లేదు. కర్నూలు విమానాశ్రయము ఓర్వకల్లు వద్ద గలదు. 1846లో కుంపిణీ దొరతనము నెదిరించిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు దానికి పెట్టినారు. అచ్చట 2021 మార్చిలోను, కడపలో 2015 జూన్‌లోను ప్రయాణికుల విమానములు నడువ నారంభించినవి. రెండు విమానాశ్రయములకు నడుమ తిన్నని గీత గీసినచో సుమారు 150 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోవు చిన్న విమానమునకది 18 నిమిషముల దారి. ఎగయుటకును దిగుటకును పట్టు కాలము చేర్చినను అరగంటకు కొంచెము మించును.

కాని ఇల్లాలి లెక్క వేరు. ఇంటినుండి ఓర్వకల్లు చేర అరగంట. రెండు గంటలు ముందుగా పోయి వేచియుండవలెను. దిగినపిదప ఊరిలోనికి మరియొక అరగంట. అరగంట ప్రయాణము మూడున్నర గంటలైనది! దగ్గరి యూళ్లకు విమానము వలన మిగులు కాలము స్వల్పము. కర్నూలులో మొదట నేర్పడిన విమానములును బెంగుళూరు, చెన్నపట్నము, విశాఖపట్నములకే గాని పొరుగున నున్న కడపకు గాదు.

ఈ రెండూళ్లను గలుపు దారి యింకొకటి గలదు. 1863 మొదలు 1870 వరకు ఒక ఆంగ్లేయ కంపెనీవారు పైరులకు నీరిచ్చుటకును, పడవలు నడుపుటకును కర్నూలు కడప కాలువను త్రవ్వించిరి. సుంకేసుల యొద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడప వరకు వచ్చు నా కాలువ పొడవు సుమారు 300 కిలోమీటర్లు. రోడ్డు దారి 200, ఆకాశపు దారి 150. ఊళ్లు రెండే, దూరములు మూడు!

మేము పదునొకండు గంటలకు బస్సెక్కితిమి. ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి కడప చేరునప్పటికి నాలుగు గంటలు దాటినది. దారి పొడవునను ఎడమవైపున నల్లమల కొండలు మాతో వచ్చుచుండగా, మా మనస్సును వేధించినది ఆలస్యము గాదు. దసరాకు రమ్మని అమ్మ కబురంపినప్పుడు, "కడప యెంత దూరము? ఎప్పుడైనను పోవచ్చును" అని మానుకొంటిమి. ఆ యైదు గంటల దారి అప్పుడును ఐదు గంటలే గదా!

దైవానుగ్రహమున ఎముక విరుగలేదు. మంచముపై పరుండియున్న అమ్మ, దేనిలో వచ్చితివనిగాని ఎంతసేపు పట్టినదనిగాని అడుగలేదు. మా చేయి పట్టుకొని, "ఎన్నాళ్లుందువే?" అని మాత్రమడిగెను.

రేపు ఈ రెండూళ్ల నడుమ విమానము వచ్చిన సంతోషమే; రోగులకును, వృద్ధులకును మేలు. కాని అక్కచెల్లెండ్రారా! దగ్గరయే గదా యని పుట్టింటి ప్రయాణమును వాయిదా వేయకుడు. మేము అమ్మయొద్ద పదిదినములుంటిమి.