నిల్వ సాధనాలపై ఫైల్ వ్యవస్థ ముద్రల తొలగింపు: సురక్షిత విధానం, పరిమితులు

వ్యాససంగ్రహం
ఒకసారి వాడిన డిస్క్‌ను కొత్త అవసరానికి మలచుకునేముందు దానిపై మిగిలిన ఫైల్ వ్యవస్థ ముద్రలను తొలగించవలసి ఉంటుంది. ఆ ముద్రల స్వభావాన్నీ, లినక్స్‌లోని వైప్‌ఎఫ్‌ఎస్ సాధనం పనితీరునూ వివరించి, ముద్రను చెరపడానికీ సమాచారాన్ని చెరపడానికీ గల భేదాన్ని స్పష్టం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫైల్ వ్యవస్థ, ముద్ర, వైప్‌ఎఫ్‌ఎస్, పార్టిషన్ పట్టిక, బ్యాకప్.

1. ఉపోద్ఘాతం
డిస్క్‌పై ఏ ఫైల్ వ్యవస్థ ఉన్నదో తెలిపేందుకు నియత స్థానంలో రాసి ఉంచే కొద్దిపాటి బైట్ల వరుసను ముద్ర అంటారు. గ్రంథాలయ పుస్తకం వెన్నుపై అంటించిన వర్గీకరణ సంఖ్య వంటిది ఇది. ఆ చీటీని తీసివేస్తే పుస్తకం అరలో దొరకదు. అందులోని పుటలు మాత్రం అలాగే ఉంటాయి. పరస్పర విరుద్ధమైన రెండు ముద్రలు ఒకే డిస్క్‌పై మిగిలినపుడు వ్యవస్థ దాని రకాన్ని నిర్ధారించలేదు. పాత రెయిడ్ ముద్ర మిగిలితే, ఖాళీ డిస్క్ సైతం ఏదో సముదాయంలోని సభ్యురాలిగా కనిపించవచ్చు.

2. ముద్రల స్థానాలు
ముద్రలన్నీ ఒకేచోట ఉండవు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ముద్ర పార్టిషన్ ఆరంభంలోనే నాలుగు బైట్లుగా ఉంటుంది. ఎక్స్‌టీ4 ముద్ర 1080 బైట్ల దూరంలో రెండు బైట్లు మాత్రమే. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ప్రధాన సూపర్‌బ్లాక్ 64 కిలోబైట్ల వద్ద మొదలవుతుంది. జీపీటీ పార్టిషన్ పట్టికకు డిస్క్ చివర మరొక ప్రతి ఉంటుంది. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1.0 రకం వివరాలు కూడా చివరి భాగంలోనే ఉంటాయి. కనుక ఆరంభంలోని కొన్ని మెగాబైట్లను సున్నాలతో నింపే వాడుక పద్ధతి సరిపోదు.

3. సురక్షిత విధానం
వైప్‌ఎఫ్‌ఎస్ యుటిల్-లినక్స్ సముదాయంలోని సాధనం. ఏ ఐచ్ఛికమూ ఇవ్వకపోతే అది దేనినీ చెరపదు. కనిపించిన ముద్రల రకాన్నీ స్థానాన్నీ పట్టికగా చూపుతుంది. పని మొదలుపెట్టవలసినది ఇక్కడే.

మొదట డిస్క్‌ను నిర్ధారించాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించినపుడు మారవచ్చు. పరిమాణాన్నీ సీరియల్ సంఖ్యనూ సరిచూడటం మేలు. పిదప పార్టిషన్లను అన్‌మౌంట్ చేసి, స్వాప్‌నూ రెయిడ్ సముదాయాన్నీ ఆపివేయాలి. సాధనం నిరాకరిస్తే డిస్క్ వాడుకలో ఉన్నదేమోనని వెతకాలి తప్ప బలవంతపు ఐచ్ఛికాన్ని ఆశ్రయించరాదు.

తొలగింపు లోపలి నుండి వెలుపలికి సాగాలి: ముందు ఒక్కొక్క పార్టిషన్, ఆ తరువాత మొత్తం డిస్క్. పార్టిషన్ పట్టికను మాత్రమే చెరిపితే లోపలి ముద్రలు మిగులుతాయి. అదే స్థానంలో కొత్త పార్టిషన్ సృష్టించగానే పాత ఫైల్ వ్యవస్థ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

బ్యాకప్ ఐచ్ఛికం వాడితే, చెరిపిన ప్రతి ముద్రా డిస్క్ పేరు, స్థానం సూచించే పేరుతో ప్రత్యేక ఫైలుగా భద్రమవుతుంది. ఆ ఫైలును చెరిపే డిస్క్‌పై ఉంచరాదు. పొరపాటు జరిగితే ఆ బైట్లను అదే స్థానంలో తిరిగి రాసి ఫైల్ వ్యవస్థను పునరుద్ధరించవచ్చు. అయితే కొత్త ఫైల్ వ్యవస్థను నిర్మించిన తరువాత ఈ అవకాశం ఉండదు. అందువల్ల ముద్రల తొలగింపుకూ కొత్త నిర్మాణానికీ మధ్య మరొకసారి సరిచూసుకోవడం ఆవశ్యకం.

4. పరిమితులు
పై సౌలభ్యమే ఈ విధానం పరిమితిని తెలుపుతుంది. రెండు బైట్లు తిరిగి రాస్తే ఫైళ్ళన్నీ దక్కుతున్నాయంటే, అవి ఎన్నడూ చెరగలేదన్నమాట. అమ్మివేసే లేదా పారవేసే డిస్క్‌కు ముద్రల తొలగింపు గోప్యతను ఇవ్వదు. అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతికతా సంస్థ 2014లో సవరించిన 800-88 మార్గదర్శకాలు సమాచార నిర్మూలనను క్లియర్, పర్జ్, డిస్ట్రాయ్ అనే మూడు స్థాయులుగా వర్గీకరించాయి. ముద్రల తొలగింపు వీటిలో దేనికిందకూ రాదు. ఎస్‌ఎస్‌డీలలో పైపైన తిరగరాయడం కూడా అన్ని మెమరీ కణాలనూ చేరదు. ఆ సాధనంలోనే పొందుపరచిన నిర్మూలన ఆదేశాన్ని వాడవలసి ఉంటుంది.

5. ముగింపు
వైప్‌ఎఫ్‌ఎస్ డిస్క్ గుర్తింపును తొలగిస్తుంది, అందులోని విషయాన్ని కాదు. డిస్క్ తిరిగి అదే సంస్థలో వినియోగానికి వెళ్తుంటే ఇది చాలు. పరుల చేతికి వెళ్తుంటే చాలదు. ఏది అవసరమో ముందే నిర్ణయించుకోవడమే సురక్షిత విధానంలో తొలి మెట్టు.