స్పంజు అను మాట

గత సంవత్సరము ఎనిమిదవ తరగతిలో లోహములను గూర్చి పాఠము చెప్పుచుండగా, వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, స్పంజు మెత్తగా ఉంటాది గదా, ఇనుమేమో గట్టిది. మరి స్పంజు ఇనుమంటే ఏమి?" అని యడిగెను. వాని తండ్రి బళ్లారి చుట్టుపట్లనున్న స్పంజు ఇనుప కర్మాగారములలో ఒకదానియందు బట్టీ కడ పని చేయువాడు. "మీ నాయననే అడుగకపోతివా?" అంటిని. "అడిగినాను. అది తడిస్తే వేడెక్కుతాది, దాని దగ్గరికి పోవద్దన్నాడు. ఆ పేరెందుకొచ్చిందో ఆయనకూ తెలీదంట" అనెను. తరగతి యంతయు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయన, ఆ సంగతి నాకును స్పష్టముగా తెలియదు. మఱునాడు చెప్పెదనని తప్పించుకొంటిని. ఆ మఱునాటి కొఱకై నిఘంటువులను, విజ్ఞాన గ్రంథములను తిరుగవేయగా తెలియవచ్చినదానిలో కొంత ఇచ్చట వ్రాయుచున్నాను.

ఈ మాట మనది కాదు. గ్రీకు భాషలోని 'స్పోంగియా' లాటిన్ భాషలోనికి పోయి, అచ్చటనుండి ఇంగ్లీషులో చేరి, తుదకు మన నోట 'స్పంజు' అయినది. గ్రీకులకు ఇది మిక్కిలి ప్రాచీనమైన మాట. హోమరు కావ్యములలోనే స్పంజుతో భోజనపు బల్లలను తుడుచుటయు, కొలిమికడ పనిచేయు దేవత ముఖమును తుడుచుకొనుటయు వర్ణింపబడినవి. వారి సముద్రములో స్పంజు పెరిగినది గనుక వారికి మాటయు పుట్టినది. మనకు ఒడలు రుద్దుకొనుటకు బీరపీచు ఉన్నది. పాత్రలు తోముటకు కొబ్బరిపీచు ఉన్నది. పలక తుడుచుటకు దొండాకు ఉన్నది. కావున స్పంజుతో మనకు అవసరమును లేదు, దానికొక పేరును లేదు. వస్తువు వచ్చిన తరువాత దాని పేరు కూడ వెంట వచ్చినది. ఇందులో చిన్నతనము లేదని నా అభిప్రాయము. బెంచీ, రైలు, సైకిలు వలె ఇదియు మన యింటి మాటయైనది.

ఇంతకును అసలైన స్పంజు ఒక జంతువని చెప్పిన మన పిల్లలలో పలువురు నమ్మరు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. అది చెట్టా జంతువా అను సందేహము రెండు వేల సంవత్సరములకు పైగా పండితులకే యుండెను. అరిస్టాటిల్ దానిని చెట్లకును జంతువులకును నడిమి జీవులలో చేర్చినాడు. 1825 ప్రాంతమున ఎడింబరోలో రాబర్టు గ్రాంటు అను వైద్యుడు సజీవమైన స్పంజును నీటిలోనుంచి భూతద్దముతో ఓపికగా పరిశీలించి, దాని ఒడలిమీది సన్నని రంధ్రములగుండా నీరు లోనికి పోవుటయు, పెద్ద రంధ్రమునుండి ధారగా వెలికి వచ్చుటయు కనుగొనెను. ఆ తరగతి జీవులకు 'పొరిఫెరా', అనగా రంధ్రములను ధరించునవి, అను పేరు పెట్టినవాడును ఆయనయే. స్పంజునకు నోరు లేదు, కడుపు లేదు, గుండె లేదు, నరములును లేవు. ఒకచోట అంటుకొని కూర్చుండి, నీటిని లోనికి లాగి, అందలి సూక్ష్మజీవులను వడగట్టి తినును. వ్రేలెడంత స్పంజు దినమునకు 20 లీటర్లకు పైగా నీటిని తనగుండా ప్రవహింపజేయునని లెక్క కట్టిరి. మన ఊరి కుళాయి వేసవిలో అంత యిచ్చుట లేదు.

దీనికంటెను ఆశ్చర్యకరమైనది 1907లో విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగము. ఆయన సజీవమైన స్పంజును సన్నని పట్టుగుడ్డలో మూటగట్టి నీటిలో పిండెను. జీవకణములన్నియు విడిపోయి, గుడ్డ సందులనుండి మబ్బువలె వెలికి వచ్చి పాత్ర అడుగున పడెను. కొంతసేపటికి ఆ కణములు ప్రాకుచు ఒకదానినొకటి చేరుకొని ముద్దలై, మరల స్పంజులైనవి! అట్లు విడదీసిన పిమ్మట మరల ఒకటి కాగల జంతువులు లోకమున మిక్కిలి తక్కువ.

స్నానమునకు వాడు స్పంజు ఆ జంతువు యొక్క అస్థిపంజరము మాత్రమే. మాంసమంతయు కుళ్లిపోగా, కడిగి ఆరబెట్టినపిదప మిగిలిన మెత్తని నార అది. ఇప్పటికి ఎనిమిది వేలకు పైగా స్పంజు జాతులు తెలియవచ్చినవి. వానిలో స్నానమునకు పనికివచ్చునవి కొలదియే. కొన్నిటి అస్థిపంజరము సున్నపుది, మరికొన్నిటిది గాజువంటిది. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పలను తొలిచి పాడుచేయు స్పంజులును కలవు. మంచినీటి చెరువులలో మునిగియున్న కఱ్ఱలకు, రాళ్లకు పట్టుకొని పెరుగు స్పంజులను గూర్చి 1911లోనే నెల్సన్ అన్నండేల్ ఒక పెద్ద గ్రంథము వ్రాసెను. కనుక స్పంజు మన దేశపు నీటిలోను ఉన్నది. మనము దానిని పాచి యనుకొని దాటిపోయితిమి.

గ్రీసు దేశపు కాలిమ్నోస్, సిమీ ద్వీపముల ప్రజలకు పూర్వము స్పంజే జీవనాధారమై యుండెను. తొలుత వారు ఒక బల్లపరుపు రాతిని చేతబట్టుకొని, ఊపిరి బిగబట్టి మునిగెడివారు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున గాలిగొట్టముతో కూడిన మునక ఉడుపులు వచ్చినవి. మఱింత లోతునకు పోయి మఱింత సేపుండుటకు వీలు కలిగినది. కాని లోతునుండి త్వరగా పైకి వచ్చినచో రక్తములో గాలి బుడగలు పుట్టునని అప్పుడు వారికి తెలియదు. ఎందరో యువకులు మరణించిరి, ఎందరో కాళ్లు చచ్చుబడి యింటికి చేరిరి. 1900లో సిమీ మునకగాండ్రే అంటికితెరా ద్వీపమువద్ద సముద్రగర్భమున ఒక ప్రాచీన నౌకా శకలమును కనుగొనిరి. గ్రహగతులను గణించు రెండువేల యేండ్లనాటి కంచు యంత్రము అందే దొరకినది. స్పంజులకై మునిగినవారికి చరిత్ర దొరకినది.

1905 ప్రాంతమునుండి వారిలో పలువురు అమెరికాలోని ఫ్లోరిడాకు వలసపోయి టార్పన్ స్ప్రింగ్స్ అను ఊరిలో స్థిరపడిరి. 1940ల దశకములో తెగుళ్లు సోకి అచ్చటి స్పంజులు నశించినవి, వ్యాపారము క్షీణించినది. అయినను ఆ ఊరు గ్రీకుల ఊరుగానే నిలిచినది. ప్రతి జనవరి 6వ తేదీన వారి యువకులు నీటిలోనికి విసరిన శిలువకై మునుగు పండుగ నేటికిని జరుగుచున్నది. పొట్టకూటికై పరప్రాంతమునకు పోయి, ఆ పొట్టకూడు మారిన తరువాతను మాటను ఆచారమును నిలుపుకొనినవారి కథ చదువుచుండగా, మన తాతముత్తాతలు జ్ఞప్తికి రాకుండుట యెట్లు?

ఇంగ్లీషు వారు ఈ మాటను ఎన్ని పనులకు వాడిరో చెప్పుట కష్టము. పరుల సొమ్ముతో ఉచితముగా బ్రతుకువానిని వారు స్పంజు అందురు. మనము పరాన్నభుక్కు అందుము, కోపము వచ్చినచో జలగ అందుము. షేక్స్‌పియరు 'హామ్లెట్' నాటకములో రాజాశ్రితుడైన యొకనిని నాయకుడు స్పంజుతో పోల్చును. రాజుగారి దయను పీల్చుకొని ఉబ్బిన వానిని, అవసరమైనప్పుడు రాజే పిండివేయునని దాని భావము. జలగ పీల్చుట మాత్రమే యెఱుగును. స్పంజునకు పిండబడుట కూడ కలదు. అందుచే ఆ పోలిక మన పోలికకంటె ఒక మెట్టు పైనున్నదని ఒప్పుకొనవలెను. పూర్వము ముష్టియుద్ధములో ఓటమిని ఒప్పుకొనువారు, గాయములు తుడుచు స్పంజును పైకి విసరెడివారు. దానినుండియు ఇంగ్లీషులో ఒక నానుడి పుట్టినది.

యూదుల 'మిష్నా' గ్రంథములో శిష్యులు నాలుగు విధములుగా చెప్పబడిరి: స్పంజు, గరాటు, వడగుడ్డ, జల్లెడ. స్పంజువంటి వాడు వినినదెల్ల పీల్చుకొనును. గరాటు ఒక చెవిని విని మఱియొక చెవిని విడుచును. వడగుడ్డ రసమును వదలి మడ్డిని నిలుపుకొనును. జల్లెడయే పొట్టు పోనిచ్చి మంచి పిండిని నిలుపును. మన పెద్దలు ఈ పనిని చేటకు అప్పగించిరి. స్పంజువంటి శిష్యుని మెచ్చవలెనా కూడదా యను విషయమున మా ఉపాధ్యాయుల గదిలో ఇప్పటికిని ఏకాభిప్రాయము లేదు.

తినుబండారములలో కేకు మొదలు మన కన్నడసీమ హోటళ్లలోని స్పంజు దోసె వఱకు ఈ పేరు ప్రాకినది. గాలి బుడగలతో పొంగిన దెల్ల స్పంజే. వంటింటిలోను పరుపులలోను నేడు కనబడు స్పంజు సముద్రమునుండి వచ్చినది కాదు, కర్మాగారములో చేసిన కృత్రిమ పదార్థము. శస్త్రచికిత్సలో రక్తమును అద్దు గుడ్డ మడతలను కూడ వైద్యులు స్పంజులనియే యందురు. కుట్లు వేయుటకు పూర్వము వానిని లెక్కపెట్టి సరిచూతురు. ఒక్కటి లోపల ఉండిపోయినను రోగికి ప్రమాదము. వైద్యమునకు అసలు స్పంజు చేసిన సాయము వేఱుగ నున్నది. పూర్వము గొంతుక వాపునకు స్పంజును కాల్చిన బూడిద నిచ్చెడివారు. అందు అయొడిన్ ఉండుటచే అది కొంత పనిచేసినది. 1951 ప్రాంతమున బెర్గ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు కరీబియన్ సముద్రపు స్పంజు ఒకదానిలో క్రొత్త పదార్థములను కనుగొనెను. వానిని అనుసరించి తయారైన సైటరబిన్ అను ఔషధము 1969లో ఆమోదము పొంది, నేటికిని రక్తపు క్యాన్సరు రోగులకు ఇవ్వబడుచున్నది.

నగరములకు కూడ ఈ పేరు తగిలినది. వాననీటిని కాలువలలో తరిమివేయక, చెరువులు, చిత్తడినేలలు, తోటలు పీల్చుకొనునట్లు కట్టిన పట్టణమును స్పంజు నగర మనుచున్నారు. చైనా 2015లో దీనిని పెద్దయెత్తున ప్రారంభించినది. అదే సంవత్సరము చెన్నపట్టణము వరదలో మునిగినది. పిమ్మట అచ్చటను స్పంజు పార్కులను పేర నీటిని ఇంకించు తోటలు వెలసినవి. ఊరూర చెరువు త్రవ్విన మన పూర్వులకు ఈ పేరు తెలియదు కాని పని తెలియును.

ఇక ఆ బాలుని ప్రశ్న. బళ్లారి సీమలో దొరకు ఇనుపరాయి ఇనుమును ప్రాణవాయువును కలసిన పదార్థము. శుద్ధమైన ఎఱ్ఱ ఇనుపరాతిలో తూకమున నూటికి 30 వంతులు ప్రాణవాయువే. ఆ రాతిని బొగ్గుతో కలిపి, పొడుగైన తిరుగుడు బట్టీలో సుమారు 1000 డిగ్రీల వేడిమియందు కాల్చుదురు. ఇనుము కరగవలెనన్న 1538 డిగ్రీలు కావలెను. కావున అది కరగదు. బొగ్గునుండి పుట్టిన వాయువు ప్రాణవాయువును లాగుకొనిపోవును. రాయి ఆకారము మారదు. ప్రాణవాయువు విడిచిన చోట్లన్నియు ఖాళీలై, లోన లెక్కలేనన్ని సన్నని రంధ్రములు మిగులును. పట్టి చూచిన గట్టిగానే యుండును, సూక్ష్మదర్శినిలో చూచిన స్పంజువలె కనబడును. ఆ పేరు మెత్తదనమునుబట్టి వచ్చినది కాదు, రంధ్రములనుబట్టి వచ్చినది. దీనిని విద్యుత్ కొలుములలో కరగించి ఉక్కు చేయుదురు.

తండ్రి చెప్పిన హెచ్చరికకు కారణమును ఇదియే. అన్ని రంధ్రములున్నందున గాలియు తేమయు లోలోపలికి చొరబడును. ఇనుము పోగొట్టుకొనిన ప్రాణవాయువును మరల పట్టుకొనుటకు త్వరపడును. త్రుప్పు పట్టుచుండగా వేడి పుట్టును. పెద్ద కుప్ప తడిసినచో ఆ వేడి బయటికి పోలేక నిప్పంటుకొనుటయు కలదు. ఆ కార్మికుడు గ్రంథములు చదువకయే ఈ సంగతి నెఱిగెను. మన దేశములో బొగ్గుతో ఈ ఇనుమును చేయు కర్మాగారములలో మొదటిది తెలంగాణములోని పాల్వంచలో స్థాపింపబడి 1980లో ఉత్పత్తి ఆరంభించినది. 2010లో అది ఎన్.ఎం.డి.సి. సంస్థలో విలీనమైనది. ఒడిస్సాలోను బళ్లారి సీమలోను తరువాత ఎన్నియో వెలసినవి. కొన్ని సంవత్సరములుగా లోకమున ఈ ఇనుమును అత్యధికముగా చేయుచున్నది మన దేశమే.

నేనిదంతయు చెప్పిన వారము దినములకు ఆ బాలుడు కాగితములో చుట్టి గోలీకాయంత నల్లని ముక్క నొకదానిని తెచ్చెను. తండ్రి యిచ్చెనట. తరగతిలో ఒక గాజుగ్లాసు నీటిలో దానిని వేసితిమి. అది మునిగినది, మునిగిన మఱుక్షణమే దాని ఒంటినుండి సన్నని బుడగలు వరుసగా పైకి లేచినవి. పిల్లలందఱు బల్లచుట్టు మూగిరి. "నిజంగా స్పంజే అయ్యవారూ!" అని వాడు కేక వేసెను. గ్లాసును కిటికీలో నుంచితిమి. నాలుగు దినములకు అందలి నీరు ఎఱ్ఱబారినది.