నాలుగు పుల్లలు... నలుగురు మనుషులు!

మీట నొక్కితే నీళ్లు కాగుతాయి. మీట తిప్పితే స్టవ్వు వెలుగుతుంది. అయినా నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ గోదారి పల్లెల్లో పెరటి పొయ్యి మీదికే మనసు పోతుంది. ఆ వెచ్చదనంలో ఏముందో!

ధనుర్మాసం మంచులో కడియం నర్సరీలు తడిసి ముద్దవుతాయి. కడియపులంక మార్కెట్టుకి పొద్దున్నే బంతీ, చామంతీ చేరాలి. మంచుకి పూలు కోసే చేతులు కొంకర్లు పోతాయి. అందుకే ముందు నాలుగు ఎండుపుల్లలు, ఓ కొబ్బరి డొక్క, గుప్పెడు పీచు. అగ్గిపుల్ల గీస్తే చాలు, ఎవరూ పిలవకుండానే ఒక్కొక్కరూ దగ్గరికి జరుగుతారు. నిన్న మాటామాటా అనుకున్నవాళ్లు కూడా ఒకే మంటకి చేతులు చాస్తారు.

నిజానికి డెల్టాలో ఇంటిని వెచ్చబెట్టుకునేంత చలి ఉండదు. అది చూడాలంటే మన్యం ఎక్కాల్సిందే. లంబసింగి వైపు చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పడిపోతుంది. అక్కడి చిన్న చిన్న ఇళ్లలో పొయ్యే వంటిల్లు, పొయ్యే కంబళి. అన్నం వండిన నిప్పే రాత్రంతా కాపలా కాస్తుంది. పైకప్పులో పురుగు చేరకుండా చూసేదీ ఆ పొగే.

కాగు, కుంపటి, దాలి

మైదానంలో వెచ్చదనానికి వేరే దారులున్నాయి. పెరట్లో మూడు రాళ్ల మీద కాగు. దాని కింద కొబ్బరి మట్టలో, సరుగుడు కట్టెలో. ఆ నీళ్లతో తలంటి పోసుకుంటే ఒంటికి అంటే పొగవాసన కూడా ఇంపుగానే ఉంటుంది. బాలింత గదిలో కుంపటి, పసిబిడ్డ జుట్టుకి సాంబ్రాణి ధూపం. ఓ మూల పిడకలు రాజుకునే దాలి. అందులో సన్నసెగన పొద్దస్తమానం కాగిన పాలు ఎర్రగా మీగడ కడతాయి.

కట్టె కోసం ఈ ప్రాంతం పెద్దగా తడుముకోదు. కొబ్బరి, తాడి ఏడాది పొడుగునా మట్టలు రాలుస్తాయి. వరదొస్తే గోదారే దుంగల్ని మోసుకొస్తుంది. తాళ్లు పట్టుకుని వాటికోసం ఏట్లోకి దిగేవాళ్లకి అదో ప్రాణాంతకమైన పంట!

వెలిగిస్తేనే ఇల్లు

ఋగ్వేదం మొదలయ్యేదే అగ్ని పేరుతో. అంతదూరం పోనక్కర్లేదు, గృహప్రవేశాన్నే చూడండి. కొత్తింట్లో ముందు పాలు పొంగాలి. పొయ్యి వెలిగాకే అది ఇల్లవుతుంది. సంక్రాంతికి ఆడపిల్లలు ముగ్గుల్లో పెట్టిన గొబ్బెమ్మల్ని పిడకలు చేసి, ఎండబెట్టి, దండ గుచ్చి భోగిమంటలో వేస్తారు. రథసప్తమినాడు తులసికోట ముందు పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెడతారు.

పండగ సరే, మామూలు రోజున మంట ముందు కూర్చుంటే మనసెందుకు కుదుటపడుతుంది? నిప్పు పని చెబుతుంది. కట్టె ఎగదోయాలి, గొట్టంతో ఊదాలి, బూడిద లాగాలి. చేతులు ఆ పనిలో ఉంటే తలలోని గోల సగం తగ్గుతుంది. అలాగని తొందరా ఉండదు. కాగు కాగే దాకా ఎదురుచూడ్డమే. ఆ ఖాళీలోనే అత్తాకోడళ్ల ముచ్చట్లు, తాత చెప్పే కథలు. పడుకోబోయే ముందు నిప్పుల మీద బూడిద కప్పేవారు. తెల్లారి కదిపితే నివురు కింద ఎర్రగా నిప్పు! రేపటికి ఉందన్న ధైర్యం అది.

మరి పొగో?

ఇదంతా పొయ్యికి దూరంగా కూర్చున్నవాళ్ల మాట. ఊది ఊది కళ్లు మండిన అమ్మనడిగితే మరోలా చెబుతుంది. వంటింటి పొగతో ముడిపడిన జబ్బులవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల తెచ్చింది అందుకే. తలుపులు మూసిన గదిలో కుంపటి మరీ ప్రమాదం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాలింత గదైనా సరే, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

అలాగని నిప్పుతో చెలిమి మానక్కర్లేదు. చాలా ఇళ్లు ఒక రాజీ కుదుర్చుకున్నాయి. వంట గ్యాసు మీద, నీళ్లు పెరట్లో. కట్టె బాగా ఎండాలి. పచ్చిదైతే అందులోని నీరు ఆవిరి కావడానికే వేడంతా ఖర్చయి, పొగే మిగులుతుంది. భోగిమంటలో టైర్లూ, ప్లాస్టిక్కూ వద్దేవద్దు.

డాబా ఇళ్లొచ్చాక పెరళ్లు కుదించుకుపోతున్నాయి. కొత్త ఇల్లు కట్టేవాళ్లు బండికి చోటు వదులుతున్నారు. మూడు రాళ్లకి, వాటి చుట్టూ నాలుగు పీటలకి కూడా కాస్త చోటుంచితే బాగుణ్ణు. పెట్టడానికి ఖర్చేమీ లేదు, రాళ్లు ఊళ్లోనే దొరుకుతాయి!