నాయనమ్మ మాట, ఓడ రిజిస్టరు

పిల్లలూ! చరిత్ర అనగానే మీకు రాజులు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. కాని చరిత్ర మీ ఇంట్లో కూడా ఉంది. "మనవాళ్లు మారిషస్‌కు ఎలా వచ్చారు?" అని మీ నాయనమ్మను అడగండి. "కోరంగి నుంచి ఓడలో వచ్చారట" అంటుందేమో. ఏ సంవత్సరంలో అంటే మాత్రం చెప్పలేకపోవచ్చు.

కోరంగి ఆంధ్రదేశంలో కాకినాడకు దగ్గర, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉంది. ఒకప్పుడు అది పేరుమోసిన రేవు. 1839లో తుపాను, ఉప్పెన వచ్చి దానిని పాడుచేశాయి. ఆ రేవు పేరు మీదనే ఈ దేశంలో తెలుగువారిని కోరంగీలు అన్నారు. అయితే అందరూ అక్కడే ఓడ ఎక్కలేదు. మద్రాసులో ఎక్కినవారూ ఉన్నారు. మరి మీ ముత్తాతగారి తాత ఎక్కడ ఎక్కాడు? ఇందుకు ఇంకొక సాక్షి కావాలి.

ఆ సాక్షి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉంది. 1834 నుంచి 1920 వరకు సుమారు ఐదు లక్షలమంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఆప్రవాసీ ఘాట్‌లో వారు ఎక్కిన 16 రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఊరు, ఓడ పేరు రిజిస్టరులో రాసేవారు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు.

రిజిస్టరులో ఉన్నదంతా నిజమేనా? తొందరపడకండి! గుమాస్తాకు తెలుగు రాదు. చెవికి వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. వెంకటస్వామి ఒకచోట వెంకటసామి, మరొకచోట వెంగడసామి అయ్యాడు. ఊళ్ల పేర్లకూ ఇదే గతి. వయసు కూడా చాలామందికి అంచనాగా వేసిందే. ఓడ పేరు, వచ్చిన తేదీ మాత్రం ఎక్కువగా నమ్మదగినవి.

ఇంకొక నష్టం జరిగింది. తెలుగువారికి పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది కదా! ఇక్కడ చాలా కుటుంబాలలో అది జారిపోయింది. వచ్చిన తాత సొంత పేరే తరువాతివారికి ఇంటిపేరుగా నిలిచింది. ఈనాటి అప్పన్న, రామసామి వంటి ఇంటిపేర్లు అలా వచ్చినవే. అసలు ఇంటిపేరు కోసం రిజిస్టరు ఎంత వెతికినా దొరకకపోవచ్చు. అది ఏ ముసలివారి నోటనైనా మిగిలి ఉంటే ఉండాలి.

ఈ ఆదివారం నోటుబుక్కు తీసుకొని నాయనమ్మ దగ్గర కూర్చోండి. ఆమె పలికినట్టే తెలుగులో రాయండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కనే వేయండి. గుర్తులేదంటే "గుర్తులేదు" అనే రాయండి. మీరుగా ఏమీ కలపవద్దు.