బ్రేకు మన చేతికి అందాలి

సైకిళ్ళ కొట్టుకి వెళ్ళినప్పుడు ఓ పావుగంట ఊరికే నిలబడి వినండి. "గేర్లెన్ని?", "ముందు షాకులున్నాయా?", "నలుపులో ఎర్రగీతది లేదా?" అని అడిగాక, చివర్న "డిస్క్ బ్రేకేనా?" అంటారు. "డిస్కేనండీ, ముందూ వెనకా రెండూనూ" అంటాడు కొట్టాయన. అంతే, బ్రేకుల సంగతి అక్కడితో సరి. మాట ధర మీదికి మళ్ళుతుంది. నిజానికి అడగాల్సిన ప్రశ్నలన్నీ అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

మౌంటెన్ బైక్ ఇప్పుడు కొండలెక్కే కుర్రాళ్ళ సొత్తేమీ కాదు. లావు టైర్లు కదా, గతుకుల్ని తట్టుకుంటుందని ట్యూషన్లకి వెళ్ళే ఆడపిల్లలకీ అదే కొంటున్నాం. పొద్దున్నే వ్యాయామానికని నాలాంటివాళ్ళూ తొక్కుతున్నారు. మా ఇంట్లో రెండున్నాయి. పదో తరగతి చదివే మా అమ్మాయిదొకటి, నాదొకటి. రెండిటికీ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులే. మూడేళ్ళుగా వాటితో కాపురం చేస్తున్నాను కనక ఓ మాట చెప్పగలను. బ్రేకుని ఎంచుకోవాల్సింది స్టిక్కరు చూసి కాదు. మన చెయ్యి చూసి, మన దారి చూసి, మన ఊళ్ళో మెకానిక్కుని చూసి.

కొండ దిగడంలోంచి పుట్టిన బండి

అసలు మౌంటెన్ బైకు కథే బ్రేకుల కష్టంతో మొదలైంది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో మౌంట్ టమల్‌పాయిస్ అనే కొండ దగ్గర కొందరు స్నేహితులు పాతకాలపు బరువు సైకిళ్ళని పైకి చేర్చి, మట్టిదారి వెంట కిందికి దిగేవారు. 1976లో పందేలు కూడా మొదలెట్టారు. సుమారు రెండు మైళ్ళలో 1300 అడుగులు దిగే దారి అది. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక చక్రం హబ్బులో ఉండేది. కిందికి వచ్చేసరికి ఆ వేడికి లోపలి గ్రీజు పొగలు కక్కుతూ కాలిపోయేది. మళ్ళీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరుకోవాల్సిందే. అలా తిరిగి కూరడాన్ని ఇంగ్లీషులో 'రీప్యాక్' అంటారు. ఆ దారికీ, ఆ పందేనికీ ఆ పేరే స్థిరపడిపోయింది!

అదంతా మగవాళ్ళ ఆటే అనుకునేరు. వెండీ క్రాగ్ అనే ఆవిడ వాళ్ళతోపాటు ఆ కొండ దిగింది, ఆ రోజులన్నిటినీ ఫోటోలు తీసి దాచింది. 1980లలో జాకీ ఫీలన్ మగవాళ్ళకి దీటుగా పందేల్లో పేరు తెచ్చుకుని, ఆడవాళ్ళకి ఈ సైకిలు నేర్పడానికి ప్రత్యేకంగా ఓ సంఘమే పెట్టింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ పోటీ మొదటిసారి చేరినప్పుడు ఆడవాళ్ళకీ అదే ఏడు అవకాశమిచ్చారు. ఇటలీకి చెందిన పావోలా పెజ్జో బంగారు పతకం గెలుచుకుంది.

రెండు సిరంజిల కిటుకు

హైడ్రాలిక్ అనగానే ఏదో బ్రహ్మవిద్య అనుకోనక్కర్లేదు. స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్లో పిల్లలు రెండు సిరంజిల్ని సెలైన్ ట్యూబుతో కలిపి, రంగునీళ్ళు పోసి, ఒకటి నొక్కితే రెండోది లేచేలా చేస్తారు చూడండి, అదే ఇది. 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రం. లివరు దగ్గర చిన్న పిస్టన్, చక్రం దగ్గర పెద్ద పిస్టన్లు, మధ్య గొట్టంలో నూనె. చిన్నదాన్ని మెల్లగా నొక్కితే పెద్దవాటి దగ్గర బలం పెరుగుతుంది. ఆ పిస్టన్లు రెండు ప్యాడ్లని అటూ ఇటూ తోసి, చక్రంతో తిరిగే ఉక్కు పళ్ళేన్ని పట్టేస్తాయి.

తీగ బ్రేకులో అయితే మన బలంలో కొంత ఆ తీగ రాపిడికే ఖర్చయిపోతుంది. వానల్లో తుప్పుపడితే మరీనూ. చిన్న చేతులవాళ్ళు నాలుగు వేళ్ళూ బిగించి లాగాలి. సర్దుబాటు సరిగ్గా ఉన్న నూనె బ్రేకుకి చూపుడువేలు ఒక్కటి చాలు, మిగతా మూడూ హ్యాండిలుని పట్టుకునే ఉంటాయి. గతుకుల్లో ఆ మూడు వేళ్ళ పట్టు ఎంత ధైర్యమో తొక్కినవాళ్ళకే తెలుస్తుంది. పైగా ప్యాడ్లు అరిగిన కొద్దీ ఆ ఖాళీని పిస్టన్లే ముందుకు జరిగి సర్దుకుంటాయి. తీగ డిస్కులో దాన్ని మనమే బిగించుకుంటూ ఉండాలి.

కొట్లో చూడాల్సినవి

మొదట, అది నిజంగా హైడ్రాలిక్కేనా? 'డిస్క్' అన్నంత మాత్రాన కాదు. చక్రం దగ్గర పళ్ళేన్ని పట్టే భాగాన్ని కాలిపర్ అంటారు. అక్కడ సన్నటి ఉక్కుతీగ బయటికి కనిపిస్తూ నట్టుతో బిగించి ఉంటే అది తీగ డిస్కు. తీగేమీ కనిపించకుండా నల్లటి గొట్టం నేరుగా లోపలికి వెళ్ళిపోతే నూనెది.

రెండోది, లివరు మన వేలికి అందుతోందా? చాలా సైకిళ్ళకి లివర్లు పెద్ద చేతుల కొలతకి సరిపడా బిగించి వస్తాయి. మా అమ్మాయికి కొన్నప్పుడు దానికి పన్నెండేళ్ళు. వేలి కొస మాత్రమే లివరుకి తగిలింది. "అలవాటైపోద్దమ్మా, చెయ్యి పెరుగుతుంది కదా" అన్నాడు కొట్టాయన. చెయ్యి పెరిగేదాకా బండి ఆగద్దూ? లివరు మొదట్లో ఉండే చిన్న మరని అలెన్ కీతో తిప్పమన్నాను. అరనిమిషం పట్టింది, లివరు ఓ వేలు మందం దగ్గరికొచ్చింది. పిల్ల నవ్వు మొహంతో రెండు రౌండ్లు తిరిగొచ్చింది. ఆ మర లేని బ్రేకు ఎంత చవకైనా చిన్న చేతులకి వద్దు. అలాగే చూపుడువేలు లివరు చివరి వంపులో పడేలా లివరుని హ్యాండిలు మీద కొంచెం లోపలికి జరపమనండి. చివర పట్టుకుంటే తక్కువ శ్రమ.

మూడోది, ఏ చెయ్యి ఏ చక్రానిది? స్కూటీ నడిపేవాళ్ళకి కుడిచేతి లివరు ముందు చక్రానిదని అలవాటు. కొన్ని సైకిళ్ళకి ఇది తిరగబడి ఉంటుంది. కంగారులో చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతుంది కదా. నూనె గొట్టాలని తర్వాత మార్చడం తీగ మార్చినంత సులువు కాదు, కొనేటప్పుడే తేల్చుకోవాలి.

నాలుగోది, పళ్ళెం. 160, 180, 203 మిల్లీమీటర్ల కొలతల్లో వస్తాయి. పెద్దదయితే బలం ఎక్కువ, వేడి త్వరగా ఆరుతుంది. ఊళ్ళో తిరగడానికి 160 చాలు. ఘాట్ రోడ్లు దిగేవాళ్ళూ, బరువెక్కువ ఉన్నవాళ్ళూ ముందు చక్రానికైనా 180 చూసుకోవచ్చు. కొన్ని పళ్ళేల మీద 'రెజిన్ ప్యాడ్స్ ఓన్లీ' అని చెక్కి ఉంటుంది. వాటికి లోహపు ప్యాడ్లు వేస్తే పళ్ళెమే అరిగిపోతుంది. రెజిన్ ప్యాడ్లు మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటాయి గానీ వానల్లో, బురదలో త్వరగా అరుగుతాయి. లోహపువి ఎక్కువకాలం మన్నుతాయి, కొంచెం అరుస్తాయి.

ఇంటికొచ్చాక

కొత్త బ్రేకు మొదటిరోజే గట్టిగా పట్టదు. కొత్త రోలు నూరినట్టు దాన్నీ పదును చేసుకోవాలి. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో వెళ్తూ, నడక వేగానికి వచ్చేదాకా బ్రేకు పట్టి వదలాలి. చక్రం బిగుసుకుపోకూడదు. ఇలా ఓ ఇరవైసార్లు చేస్తే ప్యాడూ పళ్ళెమూ ఒకదానికొకటి కుదురుకుంటాయి.

ఈ బ్రేకుకి ప్రధాన శత్రువు జిడ్డు. చెయ్యి తగిలినా జిడ్డే. చెయినుకి నూనె స్ప్రే కొట్టేటప్పుడు ఓ తుంపర పళ్ళెం మీద పడితే చాలు, బ్రేకు కీచుమని అరుస్తుంది, పట్టు పోతుంది. ప్యాడ్లు నూనె పీల్చేస్తే మార్చడమే మంచిది. పళ్ళేన్ని మటుకు ఇసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడవచ్చు. దసరాకి వాహనపూజ చేసేటప్పుడు పసుపు కుంకుమలు హ్యాండిలుకి పెట్టండి, దండ అక్కడే వెయ్యండి. పళ్ళేనికి మాత్రం బొట్టు వద్దు!

చక్రం విప్పి ఉన్నప్పుడు పిల్లలు లివరు నొక్కి ఆడుకుంటారు. మధ్యలో పళ్ళెం లేకపోతే పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు మూసుకుపోతాయి, చక్రం తిరిగి పట్టదు. విప్పగానే ప్యాడ్ల మధ్య ఓ అట్టముక్క మడిచి పెట్టేస్తే ఆ బాధ ఉండదు. పంక్చరుకని బండిని తలకిందులు చేసినప్పుడు లోపలి గాలిబుడగ గొట్టంలోకి వెళ్ళొచ్చు. లేపాక లివరు మెత్తగా అనిపిస్తే, బండిని నిలబెట్టి పది పదిహేనుసార్లు నొక్కి చూడాలి. అప్పటికీ హ్యాండిలుదాకా వచ్చేస్తుంటే తొక్కద్దు. నూనెలో గాలి చేరిందని అర్థం. నూనె నలగదు, గాలి నలుగుతుంది. మన బలమంతా ఆ గాలిని నలపడానికే పోతుంది.

ప్యాడు మీది రాపిడి పొర అరమిల్లీమీటరుకి వస్తే మార్చెయ్యాలని షిమనో కంపెనీ చెబుతుంది. నెలకోసారి టార్చి వేసి చూడండి, పాత ఏటీఎం కార్డు మందం కన్నా సన్నబడితే కొత్తవి తెచ్చి ఉంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం పసిపిల్లలు. తిరిగే పళ్ళెం కత్తిలాంటిది, దాని చిల్లుల్లో వేలు పడితే తెగిపోతుంది. బండిని స్టాండు వేసి పెడలు తిప్పే ఆట పిల్లల్ని ఆడనివ్వద్దు. కొండ దిగొచ్చిన వెంటనే పళ్ళేన్ని ముట్టుకున్నా చుర్రుమని కాలుతుంది.

ఏ నూనె?

ఇక్కడే చిన్న ఊళ్ళవాళ్ళం జాగ్రత్త పడాలి. పోయినేడాది మా అమ్మాయి బండి లివరు మెత్తబడితే, మా వీధి చివర మోటారు సైకిళ్ళ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాం. పనిమంతుడే. "బ్రేకాయిలేనమ్మా, ఏ బండికైనా ఒకటే" అని డబ్బా తీశాడు. అప్పుడు మా అమ్మాయి లివరు మూత మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలు చూపించింది. 'మినరల్ ఆయిల్ మాత్రమే' అని ఉంది. ఆయన చదివి, డబ్బా కింద పెట్టేశాడు.

మోటారు సైకిళ్ళకి వాడేది డాట్ అనే రకం. షిమనో, టెక్ట్రో, మగురా సైకిలు బ్రేకులకి మినరల్ ఆయిల్. శ్రామ్ కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి డాట్, ఈమధ్య వచ్చిన కొన్నిటికి మినరల్. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. గ్యాస్కెట్ పాడైన కుక్కరుతో వంట ఆలస్యమవుతుంది, అంతే. సీలు పాడైన బ్రేకుతో దిగువకి వెళ్తే? డాట్ ద్రవానికి ఇంకో గుణం, ముసురు రోజుల్లో ఉప్పులా గాల్లో చెమ్మని పీల్చేస్తుంది. అప్పుడు తక్కువ వేడికే లోపల ఆవిరి పుట్టి బ్రేకు జారిపోతుంది. అందుకే దాన్ని గడువు ప్రకారం మార్చాలి. రంగు మీద పడితే రంగూ లేస్తుంది.

చివరికి మేం విశాఖపట్నం తీసుకెళ్ళి గాలి తీయించుకొచ్చాం. ఒక పూట పట్టింది. ఆ సదుపాయం దగ్గర్లో లేనివాళ్ళకీ, చదును రోడ్ల మీద బడికీ బజారుకీ మాత్రమే వెళ్ళేవాళ్ళకీ మంచి తీగ బ్రేకే మేలని నేనంటాను. తీగ తెగితే ఏ ఊళ్ళోనైనా పది నిమిషాల్లో వేస్తారు.

ఘాట్ దిగేటప్పుడు

మాకు ఆ బ్రేకులు ఎందుకంటే, సెలవుల్లో మా అమ్మాయీ వాళ్ళ నాన్నా అనంతగిరి ఘాట్ మీంచి శృంగవరపుకోట వైపు సైకిళ్ళ మీద దిగుతారు. వెనక కార్లో కూర్చున్న నా ప్రాణం ప్రతి మలుపులోనూ ఆ పిల్ల చూపుడువేలి మీదే ఉంటుంది. దిగే ముందు నేను చెప్పే మాటలివే. మలుపులోకి వెళ్ళాక కాదు, వెళ్ళకముందే వేగం తగ్గించు. రెండు బ్రేకులూ కలిపి పట్టు. బరువు ముందుకి వాలుతుంది కనక ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుంది, కానీ ఒక్కసారిగా లాగితే తలకిందులవుతావు. ఒళ్ళు కొంచెం వెనక్కి వెయ్యి. దారి పొడుగునా పట్టుకునే ఉండకు, పట్టి వదులు, పళ్ళెం చల్లారనీ.

ఇంత చెప్పాక కూడా కొట్లో ఏం అడగాలో గుర్తుండదంటారా? మూడు ప్రశ్నలు చీటీ రాసుకెళ్ళండి. ఇది తీగదా, నూనెదా? లివరు నా వేలికి దగ్గరగా జరుగుతుందా? లోపల ఏ నూనె, దాన్ని ఈ చుట్టుపక్కల ఎవరు పోస్తారు? మూడోదానికి కొట్టాయన తడుముకుంటే డబ్బు చేతిలో పెట్టకండి. చేతులు కాలాక ఆకులు వెతకడం కన్నా, బేరం ఓ రోజు ఆగితే మునిగిపోయేదేం లేదు.