తంగేడు గుణం గొప్పదే, మోతాదు మాటేమిటి?

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తాంబాళంలో గునుగు పక్కన తంగేడు లేనిదే బతుకమ్మకు నిండుదనం రాదు. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పూజలందుకునే పువ్వు చుట్టూ కథలు అల్లుకోవడం సహజమే. ఆ కథలు షుగర్ రోగి మాత్రల డబ్బా దాకా వచ్చినప్పుడు మాత్రం లెక్క చూడక తప్పదు. తంగేడులో మందు గుణం లేదని ఎవరూ అనరు. అయితే గుణం ఉండడం ఒకటి, అది సరైన మోతాదులో అంది పనిచేయడం మరొకటి. తంగేడు మీది అపోహలు చాలావరకు ఈ తేడా మరవడం వల్ల పుట్టినవే.

అపోహ: తంగేడు పూల కషాయం తాగితే షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: ఈ నమ్మకానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. అన్నామలై విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో మధుమేహం కలిగించిన ఎలుకలకు కిలో బరువుకు 0.45 గ్రాముల చొప్పున పూల సారాన్ని 30 రోజులు ఇస్తే రక్తంలో చక్కెర తగ్గింది. కానీ అది తూచి ఇచ్చిన సారం, అదీ ఎలుకలకు. మనం గిన్నెలో మరిగించే గుప్పెడు పూల నుంచి ఎంత సారం దిగుతుందో ఎవరు తూచారు? మాత్రలు మానేస్తే చక్కెర పెరుగుతుంది. మాత్రలతో పాటు కషాయమూ తాగితే అది ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. చిక్కు షుగర్ మాత్రలతోనే కాదు, వేరే మందులతోనూ ఉంది. శ్రీలంక పరిశోధకులు తంగేడు కలిసిన మూలికల తేనీటిని మూర్ఛకు వాడే కార్బమజెపైన్‌తో కలిపి ఎలుకలకు ఇస్తే, రక్తంలో ఆ మందు స్థాయి దాదాపు 47 శాతం పెరిగింది. ‘తాతల నాటి నుంచి వాడుతున్నాం, ఎవరికేమైంది?’ అనే మాట వినిపిస్తుంది. తాతలు తంగేడు పుల్లతో పళ్లు తోముకున్నారు, ఆకు నూరి కట్టు కట్టారు, చెక్కను లందలో వేసి తోళ్లు పదును చేశారు. ఇంగ్లిషు మాత్రలు మింగుతూ ఏళ్ల తరబడి రోజూ కషాయం తాగిన అనుభవం వాళ్లది కాదు.

అపోహ: పచ్చపూల చెట్లన్నీ తంగేడే, ఏది వాడినా ఒకటే.

వాస్తవం: నేలతంగేడు అని పిలిచే సోనాముఖి విరేచనకారి. అది వేరే మొక్క. కసింద కూడా తంగేడు జాతిదే, దానికీ పచ్చపూలే. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరిలో గిరిజన పిల్లలు వరుసగా చనిపోయినప్పుడు నిపుణులు కసింద గింజల విషాన్నీ ఒక కారణంగా చూపారు. అసలు తంగేడును గుర్తుపట్టాలంటే పువ్వును కాదు, ఆకు మొదలును చూడాలి. కాడ కొమ్మకు అతికే చోట చెవి ఆకారంలో వెడల్పాటి ఆకుపచ్చని రెక్కలుంటాయి. శాస్త్రీయ నామంలోని ‘ఆరిక్యులేటా’ అన్న మాటకు అర్థం చెవులున్నదనే. ఒక్కో రెమ్మకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిట్టి ఆకులుంటాయి. కసిందకు నాలుగైదు జతలే, పైగా నలిపితే వెగటు వాసన.

అపోహ: బతుకమ్మ పూలు చెరువు నీళ్లను శుద్ధి చేస్తాయి.

వాస్తవం: ప్రయోగశాలలో తంగేడు సారం కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుంది, నిజమే. కానీ ఎకరం విస్తీర్ణం, మీటరు లోతు ఉన్న చిన్న కుంటలోనే 40 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. అన్ని నీళ్లలో ఆ సారం జాడ కూడా మిగలదు. పైగా పూలు కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. అలాగని నిమజ్జనం మానాలా? అక్కర్లేదు. కొద్దిపాటి పూలతో చెరువుకు హాని లేదు. గునుగుకు అద్దే రసాయన రంగులు, ప్లాస్టిక్ తాంబాళాలే అసలు బెడద. శాస్త్రం సాక్ష్యం చెబితేనే పండుగకు విలువ అనుకోవడం పండుగనే చిన్నబుచ్చడం.

అపోహ: తంగేడును పెంచనక్కర్లేదు, ఎంత కోసినా తరగదు.

వాస్తవం: పశువులు పెద్దగా ముట్టవు, గరుసు నేలలోనూ బతుకుతుంది, కొట్టేస్తే మొదలు నుంచి చిగురిస్తుంది. మొండి మొక్కే. కానీ చెలకను జేసీబీతో చదును చేసి పత్తి వేశాక చిగురించడానికి వేరే మిగలదు. కోసిన పువ్వు కాయ కాదు, కాయ లేనిదే విత్తు లేదు. గింజ పైపొర గట్టిది; వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, తొలకరికి గట్ల మీద విత్తితే మొలక బాగా వస్తుంది.

ఈ పండక్కి పూలు కోసేటప్పుడు ప్రతి చెట్టుకూ రెండు కొమ్మలు వదిలేయండి. కషాయం తాగాలనిపిస్తే డాక్టర్‌కు చెప్పి తాగండి. మాత్రలు మాత్రం మానకండి.